ఖాతాలో రెండో పేరు

చిరంజీవి బుడ్డికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. 'మేమంతా' అని మొదలుపెట్టడం చేతికి అలవాటు. రాసి, కొట్టేసి, మళ్ళీ కొత్త కాగితం తీసుకున్నాను. నీ అరచేతుల బొబ్బలు ఎండి చర్మం గట్టిపడిందని తెలిసి సంతోషించాను.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు కారణాలున్నాయి, ఇందులోనే రాస్తాను. ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసి బీరువాలో పెట్టేస్తారని, నెలకి ఒక ఆదివారం ఆఫీసు ఫోన్లో పది నిమిషాలే వంతు ఇస్తారని తెలిసినప్పుడు మీ ఫైర్ సర్వీసు ట్రైనింగువాళ్ళ మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఫోన్లో నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నాను" అంటాను, అక్కడితో సరి. ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగావు, అంకెలు వేసి మరీ. మీ అమ్మ పోలిక. మూడింటికి ముందు రాస్తాను. నాలుగోది చివర్లో.

మోకాలు బాగానే ఉంది. అంటే మెట్లు దిగేటప్పుడు బాగానే ఉంది. ఎక్కేటప్పుడు నూనె లేని తలుపులా మోగుతుంది. నలభై అడుగుల నిచ్చెన ఎక్కుతున్నదానివి, మూడో అంతస్తు తండ్రి గురించి బెంగపెట్టుకోకు. వంట చేసుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. వారం మొత్తం కలిపి చూస్తే సరిపోతుంది. ఒక గది, ఒక వంటిల్లు, మధ్యలో గోడలో ఒక అలమర. కిటికీలోంచి ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పొంగినప్పుడు అరిచి చెప్తాను. వాళ్ళకి నేను ట్యాంకు అంకుల్‌ని.

షాపులో మిగిలిన బట్టలేం చేశావని అడిగావు. ఐపీ పెట్టగానే మెషీను, ఇస్త్రీ బల్లలు, చివరికి గోడ గడియారం కూడా జాబితాలోకి వెళ్ళాయి. బట్టలు మాత్రం మనవి కావు కదా, ఖాతాదారులవి. అరవై ఒక్కటి. చిరునామాలు పుస్తకంలో మీ అమ్మ రాసిపెట్టినవే. సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పదకొండేళ్ళ నాటి కోటు ఒకటి ఉంది. ఆయన తలుపు తీసి కోటు చూసి, తన పొట్ట చూసుకుని, "ఇది నాదేనంటారా?" అన్నాడు. ఇంకో ఇంట్లో ఒక పెద్దావిడ శాలువా అందుకుంటూ, "ఐపీ పెట్టారటగా?" అంది.

"అవునండి."

"ఐపీ పెట్టినవాళ్ళు ఊరొదిలి పోతారు. మీరేంటి, శాలువాలు పంచుతున్నారు?"

"ఊరొదలడానికి బస్సు ఛార్జీలు కావాలి కదండీ."

నవ్వింది. ఉతికిన డబ్బులు ఇవ్వబోయింది. తీసుకుంటే దానికీ లెక్క చెప్పాలి, వద్దన్నాను. కాఫీ ఇచ్చింది. కాఫీకి లెక్క లేదు.

పని సంగతి. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ. నేలమాళిగ, ఆవిరి, రోజుకి మూడు వందల దిండు గలీబులు. సూపర్‌వైజరుకి ఇరవయ్యారేళ్ళుంటాయి. నన్ను మాస్టారూ అంటాడు. మొదటిరోజు అడిగాడు, "డిగ్రీ చదివి ఇస్త్రీయా మాస్టారూ?" అని. "కెమిస్ట్రీ బాబూ. మరక పోకపోతే ఎందుకు పోలేదో చెప్పగలను" అన్నాను. అప్పట్నుంచి పోని మరకలన్నీ నా బల్ల మీదికి వస్తున్నాయి. పనేం కష్టంగా లేదు. కౌంటరు అవతల ఎవరూ లేకపోవడమే కొత్తగా ఉంది. ఇరవై రెండేళ్ళు వెనక గదిలో నేను ఆవిరి పడుతుంటే ముందు గదిలో మీ అమ్మ గొంతు వినిపిస్తూ ఉండేది. "మంగళవారం రండి. అనుమానమైతే బుధవారం రండి." ఆ మాటలకి అలవాటుపడ్డ చెవులు ఇవి.

మూడోది, జీతం ఎక్కడ పడుతోంది, నీ స్టైపెండ్ కూడా అందులో వెయ్యనా అన్నావు. వెయ్యకు. నా ఖాతాలోకి వచ్చే ప్రతి పైసాకీ నేను కోర్టు వేసిన రిసీవరుకి సంజాయిషీ చెప్పాలి. నీ చెమటకి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పను. బూట్లు మంచివి కొనుక్కో.

ఖాతా మాత్రం కొత్తది తెరిచాను. పాతదేమైందో తర్వాత చెప్తాను. ఐపీ పెట్టినవాడు ఖాతా తెరవడం ఎంత పనో నీకు తెలియాలి. హోటలువాళ్ళు ఖాతాలోనే జీతం వేస్తారు, చేతికివ్వరు. బ్యాంకువాళ్ళేమో దివాలా తీసినవాడికి ఖాతా ఇవ్వరు. మొదటి బ్యాంకులో అమ్మాయి నా పేరు కంప్యూటర్లో కొట్టి ముఖం మార్చుకుంది.

"సర్, మీ పేరు మీద ఏదో వస్తోంది."

"ఐపీ అమ్మా."

"అంటే?"

"దివాలా."

పక్క కుర్చీలో కూర్చున్నాయన తన టోకెన్ చూసుకుంటున్నట్టుగా కాస్త అటు జరిగాడు. అంటుకునే జబ్బు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

రెండో బ్యాంకులో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిప్పారు. గుమ్మం దగ్గర గార్డు పలకరించాడు. "ఏం బాబాయ్, డబ్బులు వెయ్యడానికా, తియ్యడానికా?"

"పెట్టుకోడానికి చోటు అడుగుదామని."

"డబ్బుండాలేగానీ చోటుకేం కరువు?"

"అది లేదు కాబట్టే అడుక్కుంటున్నాను."

వాడికి నేను నచ్చాను. దగ్గరికి పిలిచి చెప్పాడు, మార్కెట్ వెనక వీధి బ్రాంచిలో ఒక పెద్దాయన ఉన్నాడని, ఆయన రూల్సు చదువుతాడని. "మావాళ్ళు చదవరు బాబాయ్. చదివితే పని పెరుగుద్ది."

ఆ పెద్దాయన నిజంగానే చదివాడు. రిసీవరు ఇచ్చిన కాగితం రెండు వైపులా తిప్పి చదివి, "ఐపీ పెట్టినవాడు తినకూడదని ఎక్కడా రాయలేదు. తినాలంటే జీతం పడాలి. జీతం పడాలంటే ఖాతా ఉండాలి. కూర్చోండి" అన్నాడు. "చెక్కుబుక్కు ఇవ్వను. అప్పు ఇవ్వను. ఉన్నంతవరకే తియ్యాలి. కార్డు ఇస్తాను."

"అప్పు కోసం రాలేదండి."

"వచ్చినా మీకిచ్చేవాడెవడు లెండి" అని తనే నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఈమధ్య నాతో ఎవరూ ఇలా మాట్లాడటం లేదు. అందరూ జాలిగా మాట్లాడుతున్నారు.

ఇక నాలుగోది.

నీ మాటలే ఇక్కడ రాస్తున్నాను: "ఆదివారం నా వంతు వచ్చింది. నీకే చేద్దామనుకున్నాను నాన్నా, వేలు మాత్రం అమ్మ నంబరు కొట్టేసింది. రింగయింది. ఆగిపోయేదాకా విన్నాను. తర్వాత ఫోను పట్టుకునే నిలబడిపోయాను, నా టైము అయిపోయింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరిది?"

మీ అమ్మదే.

మా ఇద్దరి పేర్ల మీద ఒక ఖాతా ఉండేది, నీకు తెలుసు. మొదటి పేరు నాది, రెండో పేరు ఆమెది. మెసేజీలు మాత్రం ఆమె ఫోనుకి పెట్టించింది. నేను ఎక్కడ ఏం కొన్నా నిమిషంలో ఫోను వచ్చేది. "ఏం కొన్నారు?" "బూట్ల పాలిష్." "ఇంట్లో ఉందిగా." "ఎక్కడుంది?" "మీరు వెతకని చోట." చిన్న ఖర్చైతే ఫోను ఉండదు, ఇంటికొచ్చాక గుమ్మంలోనే విచారణ. నాకు విసుగు వచ్చేది. ఆ విసుగు ఇప్పుడు దొరకదు.

ఆమె పోయిన మూడో వారం. నువ్వు పరీక్షలని హాస్టలుకి వెళ్ళావు. వంటింట్లో కూర్చుని నా ఫోన్లో కరెంటు బిల్లు కట్టాను. పక్క గదిలో ఆమె ఫోను టింగుమంది. "కరెంటు బిల్లు" అన్నాను, పైకే. అన్నాక తెలిసింది ఏమన్నానో.

అప్పట్నుంచి అదే పద్ధతి. ఆమె ఫోను అలమరలో ఛార్జింగులో ఉంటుంది. నేను ఇవతల కూర్చుని ఏదో ఒకటి కడతాను. అది మోగుతుంది. నేను జవాబు చెప్తాను. సబ్బు. బ్రెడ్డు. నీ హాస్టలు ఫీజు. ఆ నంబరుకి రీచార్జి కూడా ఆ ఖాతాలోంచే. దానికీ మోగుతుంది. పిచ్చి కాదు బుడ్డీ. ఆమె లేదని నాకు తెలుసు. జవాబు చెప్పే అలవాటు పోలేదు, అంతే.

ఆస్పత్రిలో గుమాస్తా ఆ రోజు నాతో, "మరణ ధ్రువీకరణ పత్రం పది కాపీలు తీయించుకోండి, ప్రతిచోటా అడుగుతారు" అన్నాడు. తీయించాను. కవర్లో పెట్టాను. రెండేళ్ళు ఆ కవరు తెరవలేదు. బ్యాంకుకి ఇస్తే రెండో పేరు తీసేస్తారు. మెసేజీలు ఆగిపోతాయి.

తప్పు ఇక్కడ మొదలైంది. ఐపీ పెట్టినప్పుడు ఒక ఫారం ఇచ్చారు. ఒంటరిగాగానీ ఇతరులతో కలిసిగానీ ఉన్న ఖాతాలన్నీ రాయమన్నారు. షాపు ఖాతా రాశాను. కిందికి వచ్చాను. ఇంకో గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. రిసీవరు గారు నీకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో, జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకుని, టకటకా మాట్లాడుతుంది. "ఇంకేమైనా ఖాతాలున్నాయా?" అని అడిగింది. "లేవండి" అన్నాను. ఆ ఖాతాలో ఉన్నది రెండు నెలల కూరగాయల డబ్బు. దానికోసం అబద్ధమాడలేదు. అయినా అబద్ధం అబద్ధమే. నీకు చిన్నప్పుడు చెప్పినవాణ్ణి నేనే.

తర్వాత హోటల్లో ఉద్యోగం. వాళ్ళ అకౌంటెంటు సాయంత్రంలోపు ఖాతా నంబరు కావాలన్నాడు. షాపు ఖాతా అప్పటికే మూసేశారు. ఉన్నది ఒక్కటే. ఇచ్చాను. మూడు నెలలు జీతం అందులో పడింది. మూడు నెలలకోసారి జీతం చీటీలు రిసీవరుకి చూపించాలి. చూపించాను. నంబరు చీటీ మీదే ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. దొంగతనం చేతకానివాడు చేస్తే ఇలాగే ఉంటుంది.

ఒక గురువారం పిలిపించింది. చీటీ మీద పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఈ నంబరు మీ జాబితాలో లేదే."

చీటీ నావైపు తిప్పి పెట్టింది.

"మీతోపాటు ఇంకో పేరుంది. మీ ఆవిడా?"

"అవునండి."

"ఆవిడ పేరున ఇంకా ఏమేం ఉన్నాయి?"

"ఏమీ లేవండి."

"నా ముందు కూర్చునేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది భార్య పేరు వెనకే దాస్తారండీ. మీరేం కొత్త కాదు. ఆవిణ్ణి తీసుకురండి. వచ్చే బుధవారం పదకొండింటికి. ఆవిడ వాటా ఎంతో ఆవిడే చెప్పాలి. రాకపోతే దాచారని రాసి కోర్టుకి పంపిస్తాను. పిటిషన్ కొట్టేస్తారు. అప్పులవాళ్ళు మళ్ళీ మీ గుమ్మంలో ఉంటారు. తప్పుడు సంతకానికి కేసు వేరే."

అప్పుడు చెప్పాల్సింది. ఆవిడ లేదండీ అని రెండు ముక్కలు. నోరు రాలేదు. తెలిసినవాళ్ళందరికీ వేరేవాళ్ళు చెప్పారు. నేను నా నోటితో ఆ మాట ఎవరితోనూ అనాల్సి రాలేదు. "సరేనండి" అని లేచి వచ్చాను. ఆమెని తీసుకొస్తానని ఒప్పుకుని వచ్చాను.

మర్నాడు అలమరలో ఫోను మోగింది. నేనేమీ కొనలేదు. వెళ్ళి చూశాను. ఉమ్మడి ఖాతా నిలిపివేశామని, రెండో ఖాతాదారు గుర్తింపు పత్రంతో స్వయంగా రావాలని బ్యాంకు పంపింది. 'స్వయంగా' అన్న మాట చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. వాళ్ళ దృష్టిలో ఆమె రాగలదు. లోకంలో ఒక్క చోటైనా ఆమె కోసం కుర్చీ వేసి ఎదురుచూస్తున్నారు.

ఆదివారం నాలుగింటికి మళ్ళీ మోగింది. ఈసారి మెసేజీ కాదు, ఫోనే. రెండేళ్ళలో ఆ రింగు వినలేదు. పరిగెత్తాను, మోకాలు స్టూలుకి కొట్టుకుంది. ఏదో తెలియని నంబరు. బ్యాంకువాళ్ళు అనుకున్నాను. ఎత్తితే "ఆవిడ ఉన్నారా?" అంటారు. ఉందని చెప్పలేను. లేదని చెప్పడం చేతకాలేదు. దాని ముందు నిలబడ్డాను. లెక్కపెట్టాను, పదకొండుసార్లు మోగింది. ఆగింది.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది.

అవతల నువ్వున్నావని నాకు తెలియదు. ఇవతల నేనున్నానని నీకు తెలియదు. నువ్వు ఆగిపోయేదాకా విన్నావు, నేను ఆగిపోయేదాకా నిలబడ్డాను. బుడ్డీ, నేను దాచింది రిసీవరు దగ్గర కాదు. నీ దగ్గర. నువ్వు అమ్మని వెతుక్కుంటూ వస్తే తలుపు తియ్యకుండా లోపల కూర్చున్నాను. ఈ రెండేళ్ళూ ఆ రింగు నా ఒక్కడిదే అనుకున్నాను.

బుధవారం కవరు తీసుకుని వెళ్ళాను. ఆమె ఫోను కూడా జేబులో పెట్టుకున్నాను.

"ఆవిడేరి?" అంది రిసీవరు.

కవర్లోంచి ఒక కాపీ తీసి బల్ల మీద పెట్టాను. చదివింది. తేదీ దగ్గర ఆగింది.

"రెండేళ్ళయింది."

"అవునండి. చనిపోయింది." అనగలిగాను. గొంతు మామూలుగానే ఉంది.

"బ్యాంకుకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మెసేజీలు ఆగిపోతాయండి."

"ఏం మెసేజీలు?"

ఫోను తీసి ఇచ్చాను. వేలితో కిందికి జరుపుతూ చదివింది. సబ్బు, కరెంటు, బ్రెడ్డు, హాస్టలు, బ్రెడ్డు, రీచార్జి. చాలా దూరం వెళ్ళింది.

"ఇవన్నీ మీరు ఖర్చుపెట్టినవే కదా?"

"అవునండి."

"మరి మీకు తెలియని సంగతి ఇందులో ఏముంది?"

"ఏమీ లేదండి."

పెన్నుకి మూత పెట్టింది. మళ్ళీ తీసింది. "ఖాతా ఉంచుకోవచ్చండీ. ఎవరూ వద్దనరు. జాబితాలో రాస్తే సరిపోయేది, తినడానికి సరిపడా వదిలేసేవాళ్ళం. ఒక్క గీత రాయాల్సింది" అంది. కోపంగానే అంది. కళ్ళు మాత్రం కాగితం మీదినుంచి ఎత్తలేదు.

చివరికి సవరించిన జాబితా ఇమ్మంది. ఎందుకు వదిలేశానో ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. జడ్జిగారు మందలించి, అప్పుల నుంచి నా విడుదల ఆరు నెలలు వెనక్కి జరిపారు. వచ్చే ఏడాది మధ్యలో తేలాల్సింది ఏడాది చివరికి తేలుతుంది. రెండేళ్ళ మోతకి ఆరు నెలలు. గిట్టుబాటే.

ఆ జాబితాలో ఈసారి ఏమీ వదల్లేదు. "పాత ఫోను ఒకటి, భార్యది" అని కూడా రాశాను. రిసీవరు దాని ఎదురుగా "విలువ లేదు" అని రాసింది. తీసుకోబోమని అర్థం. ఆఫీసు భాషలో దయ అలాగే ఉంటుంది.

ఉమ్మడి ఖాతా మూసేశారు. ఆమె ఫోనుకి చివరి మెసేజీ వచ్చింది, ఇన్నేళ్ళు మాతో ఉన్నందుకు ధన్యవాదాలని. అది నేను చెప్పాల్సిన మాట. బ్యాంకువాళ్ళు ముందు చెప్పేశారు.

కొత్త ఖాతా తెరిచేటప్పుడు పెద్దాయన మెసేజీలకు నంబరు అడిగాడు. ఆమె నంబరు మొదటి రెండంకెలు చెప్పి ఆగాను. "మర్చిపోయారా?" అన్నాడు. లేదని, నా నంబరే ఇచ్చాను. రెండో పేరు గడిలో అడ్డంగా గీత గీశాడు. నేను గియ్యలేదు, ఆయనే గీశాడు.

నిన్న ఈ ఉత్తరం కోసం పోస్టాఫీసులో స్టాంపులు కొన్నాను. నా జేబులోనే టింగుమంది. "స్టాంపులు" అన్నాను.

"ఇచ్చాను కదండీ" అన్నాడు కౌంటర్లో అతను.

ఆమె నంబరుకి రీచార్జి వచ్చే నెలాఖరుదాకా ఉంది. ఆ తర్వాత ఉంచాలా వద్దా నేనొక్కణ్ణే తేల్చను. నువ్వు చెప్పు. ఉంచితే నా పేరుకి మార్పించాలి, దానికీ ఒక కాపీ కావాలి. కవర్లో ఇంకా ఎనిమిదున్నాయి. ఒకటి రిసీవరుకి, ఒకటి బ్యాంకుకి పోయాయి. ఇవ్వడం ఇప్పుడు వచ్చింది.

వచ్చే ఆదివారం నీ వంతు. నాలుగింటికి ఇంట్లోనే ఉంటాను. వేలు ఎటు పోతే అటే పోనీ, ఆపకు. ఏ నంబరు కొట్టినా నేను ఎత్తుతాను.

ఇట్లు,
రెండు ఫోన్లూ ఒకేచోట ఛార్జింగు పెట్టుకుని కూర్చున్న
మీ నాన్న